రొమ్ము ఆపరేషన్ తర్వాత మర్దన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాల్లో రొమ్ము ఆపరేషన్ కోసం కొందరు విశాఖకు, కొందరు కటక్‌కు వెళ్తారు. మరికొందరు బరంపురంలోని వైద్య కళాశాల ఆసుపత్రిలోనే చేయించుకుంటారు. ఆపరేషన్ ఎక్కడ జరిగినా ఆ తరువాతి నెలలు గడిచేది మాత్రం ఇంట్లోనే కనుక సందేహాలు కూడా ఇంటికి వచ్చాకే మొదలవుతాయి. బరంపురంలో ఈ మర్దన చికిత్స చేస్తున్న నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలను, అడిగినవారి మాటల్లోనే, చికిత్స దశలను బట్టి కూర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను. ఇందులో చెప్పిన రోజులు, వారాలు సాధారణంగా పాటించేవి మాత్రమే. మీ సర్జన్ గారు వేరుగా చెప్పి ఉంటే వారి మాటే పాటించాలి.

## ఆపరేషన్‌కు ముందు

ఇంకా ఆపరేషనే కాలేదు, ఇప్పుడే మిమ్మల్ని కలిస్తే ఏం లాభం?

ఒక్కసారి కలవడం మంచిది. అది మర్దన కోసం కాదు, కొలతల కోసం, ఎందుకంటే చంకలోని లింఫ్ గ్రంథులు (కణజాలంలోని అదనపు నీరైన లింఫ్ ద్రవాన్ని వడకట్టేవి) తీశాక కొందరికి ఆ వైపు చెయ్యి వాస్తుంది. మణికట్టు నుంచి జబ్బ వరకు ప్రతి 10 సెంటీమీటర్లకు ఒకచోట రెండు చేతుల చుట్టుకొలతను టేపుతో తీసి రాసిపెట్టుకుంటే, ఆరు నెలల తరువాత చెయ్యి లావెక్కినట్టు అనిపించినప్పుడు అది నిజమో, అనుమానమో తేల్చుకోవచ్చు. ఎక్కువ పని చేసే చెయ్యి రెండోదానికంటే సహజంగానే కొంచెం లావుగా ఉంటుంది, పాత కొలత లేకపోతే ఆ తేడానే వాపు అని భయపడతారు. భుజం ఎంతవరకు లేస్తుందో కూడా అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే యాభై దాటినవారిలో, ముఖ్యంగా షుగరు ఉన్నవారిలో, ఆపరేషన్‌తో సంబంధం లేకుండానే భుజం బిగుసుకుని ఉండడం తరచుగా కనిపిస్తుంది.

రొమ్ములో గడ్డకు ఆముదం రాసి రుద్దితే కరిగిపోతుందని మా ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

నిజం కాదు. బాలింతకు పాలు గడ్డకట్టినప్పుడు పెద్దవాళ్లు చేసే ఉపాయాన్ని అన్ని గడ్డలకూ అంటగట్టడం వల్ల ఈ నమ్మకం పుట్టి ఉంటుందని నా అభిప్రాయం. ఏమిటో తేలని గడ్డ మీద ఏ మర్దనా చేయకూడదు. ముందు స్కానింగ్, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), సూది పరీక్ష జరగాలి. రుద్దడం వల్ల జరిగే హాని కంటే, కరుగుతుందేమో చూద్దామని రుద్దుతూ గడిపేసిన రెండు మూడు నెలల వల్ల జరిగే హానే ఎక్కువ.

మర్దన చేస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందా?

మర్దన వల్ల క్యాన్సర్ వ్యాపిస్తుందనడానికి ఆధారం లేదు. నడిచినా, మెట్లెక్కినా, చెంబుతో నీళ్లు పోసుకున్నా రక్తమూ లింఫ్ ద్రవమూ కదులుతూనే ఉంటాయి. మృదువైన మర్దన అంతకంటే కొత్తగా చేసేది ఏమీ లేదు. అయితే గడ్డ ఇంకా ఉన్న చోట, అనుమానం ఉన్న లింఫ్ గ్రంథుల మీద నేరుగా చెయ్యి వేయము. క్యాన్సర్ ఎముకలకు చేరినవారికి ఆ ఎముకల మీద ఒత్తిడి పెట్టము, ఎందుకంటే అవి పెళుసుబారి చిన్న ఒత్తిడికే విరిగే ప్రమాదం ఉంటుంది.

## డ్రైన్ ఉన్న రోజులు, మొదటి నెల

డ్రైన్ పైపు ఉండగా మర్దన చేయించుకోవచ్చా?

గాయం లోపల చేరే నీరు సీసాలోకి పోవడానికి పెట్టే ఈ పైపు ఉన్నన్నాళ్లు ఆపరేషన్ జరిగిన వైపు ఛాతీకి, చంకకు, వీపు పక్కకు చేయకూడదు. పైపు దిగిన రంధ్రం తెరిచి ఉన్న గాయమే కనుక నూనె తగిలినా, పైపు లాగుకున్నా చీము పట్టే ప్రమాదం ఉంది. 24 గంటల్లో వచ్చే నీరు సుమారు 30 మిల్లీలీటర్లకు తగ్గాక పైపు తీయడం చాలామంది సర్జన్ల పద్ధతి. అందుకు ఒకటి రెండు వారాలు, కొందరికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఈలోగా మెడ, రెండో భుజం, పాదాలు మృదువుగా నిమిరించుకోవచ్చు. పైపుతోనే రైలెక్కి ఇంటికి వచ్చేవారు సీసాను చీర కుచ్చిళ్ల దగ్గర వేలాడనివ్వకుండా, భుజానికి తగిలించుకునే చిన్న గుడ్డసంచిలో పెట్టుకుంటే పైపు లాగుకుపోదు.

చెయ్యి కదపొద్దని మా అత్తగారు, కదపమని ఆసుపత్రివాళ్లు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఆసుపత్రివారి మాట వినండి. అయితే అత్తగారి భయానికీ కొంత కారణం ఉంది: డ్రైన్ ఉండగా చేతిని తలపైకి లాగితే లోపల నీరు ఎక్కువగా ఊరుతుంది. అందుకే పైపు తీసేవరకు చేతిని భుజం ఎత్తు దాటనివ్వకుండా కదపడం మధ్యేమార్గం. జడ వేసుకోవడం మానండి కానీ అన్నం కలుపుకోవడం, ముఖం కడుక్కోవడం, పిడికిలి మూసి తెరవడం మొదటి రోజు నుంచే చేసుకోవచ్చు. పైపు తీశాక గోడ మీద వేళ్లను మెల్లగా పైకి పాకించే వ్యాయామం మొదలుపెట్టి, ఈరోజు అందిన చోట పెన్సిలుతో గీత గీసుకుంటే రేపటి తేడా మీకే కనిపిస్తుంది. రెండు నెలలు చెయ్యిని పొట్టకు ఆనించుకుని కూర్చున్నవారి భుజాన్ని విడిపించడం నాకూ కష్టమే, వారికీ కష్టమే. రేడియేషన్ అవసరమైనవారికి ఇంకో చిక్కు కూడా ఉంది, ఎందుకంటే ఆ బల్ల మీద చెయ్యి తలపైకి పెట్టుకుని కదలకుండా పడుకోవాలి. భుజం లేవకపోతే ఆ చికిత్సే ఆలస్యమవుతుంది.

పైపు తీశాక చంకలో నీళ్ల తిత్తిలా ఉబ్బింది. నొక్కితే పోతుందా?

నొక్కకూడదు. దీనిని సెరోమా అంటారు. కోసిన పొరల మధ్య నీరు చేరడం వల్ల వస్తుంది. చిన్నదైతే కొన్ని వారాల్లో శరీరమే పీల్చుకుంటుంది, పెద్దదైతే సర్జన్ గారు శుభ్రమైన సూదితో నీరు తీస్తారు. చెయ్యి వేస్తే లోపల నీరు తొణికినట్టు తెలిసే చోట అది పూర్తిగా తగ్గేవరకు మర్దన చేయము. ఉబ్బు ఎర్రబడినా, వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

జబ్బ లోపలివైపు మొద్దుబారింది, అప్పుడప్పుడు కరెంటు కొట్టినట్టు ఉంటుంది. ఉప్పుమూటతో కాపడం పెట్టుకోవచ్చా?

వద్దు. చంకలో గ్రంథులు తీసేటప్పుడు జబ్బ లోపలివైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం ఆ దారిలోనే ఉంటుంది కనుక అది సాగడమో, తెగడమో తరచుగా జరుగుతుంది. అందుకే ఆ చోట మొద్దుగా, మంటగా, చీమలు పాకినట్టుగా ఉంటుంది. చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, కొందరికి కొంత మొద్దుదనం ఉండిపోతుంది. స్పర్శ లేని చర్మానికి వేడి ఎంత ఉందో తెలియదు. ఉప్పుమూట, ఇటుక కాపడం, వేడినీళ్ల సంచి, ఘాటైన బామ్, కర్పూర తైలం ఇవన్నీ అక్కడ నొప్పి తెలియకుండానే బొబ్బలెక్కిస్తాయి. ఆ బొబ్బ చూసుకునేది స్నానం చేసేటప్పుడే.

దానికి బదులు స్పర్శను మళ్లీ అలవాటు చేసే పద్ధతి ఉంది. పాత నూలు చీర ముక్కతో రోజుకు రెండు మూడుసార్లు, రెండేసి నిమిషాలు ఆ చోటును మెల్లగా నిమరండి. వారం గడిచాక కొంచెం గరుకైన తువ్వాలుతో అదే పని చేయండి. తొలి రోజుల్లో జాకెట్టు తగిలినా చిరాకు పుట్టిన చర్మం క్రమంగా దుస్తుల తాకిడికి అలవాటు పడుతుంది.

ఏ వైపు తిరిగి పడుకోవాలి?

మొదటి వారాల్లో వెల్లకిలా, తల వైపు కొంచెం ఎత్తుగా, ఆపరేషన్ జరిగిన వైపు మోచేతి కింద మెత్తని దిండు పెట్టుకుని పడుకోవడం సుఖంగా ఉంటుంది. పక్కకు తిరగాలనిపిస్తే రెండో వైపుకు తిరిగి, ఆపరేషన్ అయిన చేతిని ఛాతీ ముందు దిండు మీద ఆనించండి.

## కుట్లు మానిన తరువాత

మచ్చకు మర్దన ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎలా చేసుకోవాలి?

చర్మం పూర్తిగా కలిసి, పొక్కులన్నీ రాలిపోయి, ఎక్కడా తడి లేదని సర్జన్ గారు చూసి చెప్పిన తరువాతే మొదలుపెట్టాలి. ఇది సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల మధ్య వస్తుంది. షుగరు ఉన్నవారికి ఆలస్యం కావచ్చు. గాయం మానేటప్పుడు శరీరం వేసే కొత్త పోగులు ఒక క్రమం లేకుండా పడి, చర్మాన్ని కింది కండరానికి అతికిస్తాయి. ఛాతీ మీద ఆ అతుకు ఏర్పడితే చెయ్యి పైకెత్తినప్పుడల్లా ఛాతీ అంతా లాగినట్టు ఉంటుంది. మచ్చ మర్దన ఆ పొరలు ఒకదాని మీద ఒకటి జారేలా ఉంచడానికి, మచ్చను మాయం చేయడానికి కాదు.

మొదటి వారం మచ్చను నేరుగా ముట్టుకోకుండా దాని చుట్టూ ఉన్న చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి పైకి, కిందికి, పక్కలకు మెల్లగా జరపండి. తరువాత మచ్చ మీదే వేలి కొసలు ఆనించి, చర్మం మీద వేళ్లు జారనివ్వకుండా, వేళ్లతో పాటు చర్మమే కదిలేలా చిన్న చుట్లు తిప్పండి. నూనె ఎక్కువైతే వేళ్లు జారిపోతాయి కానీ కింది పొర కదలదు, అందుకే రెండు చుక్కలు చాలు. ఒక విడత ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండు విడతలు సరిపోతాయి. లాగినట్టు తెలియాలి, నొప్పి తెలియకూడదు. చేసిన తరువాత ఎరుపు అరగంటలో తగ్గాలి. మరునాటికి కూడా ఎరుపు ఉంటే ఒత్తిడి ఎక్కువైందని అర్థం. మచ్చ లోలోపల మారుతూ ఉండేది ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు కనుక ఆలస్యంగా మొదలుపెట్టినవారికి కూడా కొంత ఫలితం దక్కుతుంది. ఉబ్బెత్తుగా పెరుగుతూ గాయం హద్దు దాటే కీలాయిడ్ మచ్చ ఉన్నవారు మాత్రం చర్మవైద్యులను కలిసిన తరువాతే చేసుకోవాలి.

చంక నుంచి మోచేయి దాకా లోపల తాడు బిగించినట్టు లాగుతోంది. నరం పట్టేసిందా?

నరం కాదు. చంకలో గ్రంథులు తీసిన తరువాత, ఎక్కువగా మొదటి రెండు నెలల్లో, చర్మం కింద సన్నని తీగల్లాంటివి గట్టిపడి చేతిని చాచనివ్వవు. చెయ్యి పక్కకు చాపినప్పుడు అవి కంటికి కనిపిస్తాయి కూడా. గట్టిపడిన లింఫ్ నాళాలే ఇవని ఎక్కువమంది వైద్యులు భావిస్తారు. వాటంతట అవే తగ్గేవి చాలా ఉన్నాయి, కానీ చెయ్యి చాచే వ్యాయామంతో పాటు తీగ వెంట చర్మాన్ని మెల్లగా సాగదీసే మర్దన చేస్తే త్వరగా విడుస్తాయి. మర్దన చేస్తుండగా ఒక్కొక్కసారి తీగ టప్పుమని తెగినట్టు తెలిసి, వెంటనే చెయ్యి తేలికగా లేస్తుంది. అందులో భయపడాల్సింది ఏమీ లేదు. అలాగని దాన్ని కావాలని తెంపడానికి చేతిని బలంగా గుంజడం తప్పు.

మచ్చకు ఏ నూనె మంచిది?

వాసన, రంగు కలపని మామూలు కొబ్బరినూనె చాలు. గంజాం మొగలి అత్తరు కలిపిన నూనెలు ఇళ్లల్లో ఉంటాయి, కానీ కొత్త చర్మానికి, రేడియేషన్ పడిన చర్మానికి అత్తరు మంట పుట్టిస్తుంది. ఆవనూనె కూడా కొందరికి దద్దుర్లు తెస్తుంది.

భుజం లేవడం లేదు. ఎముకలు సరిచేసే ఆయన గట్టిగా రుద్ది బాగుచేస్తానంటున్నారు. వెళ్లొచ్చా?

వెళ్లవద్దు. బెణికిన చీలమండకు ఆయన చెయ్యి మంచిదే అయి ఉండవచ్చు. ఆ పేరును నేను తగ్గించడం లేదు. కానీ గట్టిగా రుద్దితేనే ఫలితం, ఏడిపిస్తేనే వైద్యం అని మన దగ్గర పాతుకుపోయిన నమ్మకం ఈ ఒక్క చోట పూర్తిగా తలకిందులవుతుంది. గ్రంథులు తీసిన చంక నుంచి ద్రవం బయటకు పోయే దారులు తగ్గిపోయి ఉంటాయి. బలంగా రుద్దితే ఆ చోటికి రక్తం ఎక్కువగా చేరుతుంది, దానితో పాటు ఊరే ద్రవమూ పెరుగుతుంది, పోయే దారి మాత్రం ఇరుకుగానే ఉంటుంది. ఒక్కసారి గట్టి మర్దన చేయించుకుని మరునాడు వాచిన చేతితో వచ్చినవారిని చూశాను. రేడియేషన్ పడినవారి పక్కటెముకలు బలహీనంగా ఉండవచ్చు కనుక బలంగా తోసే పద్ధతులు మరింత ప్రమాదం.

## కీమో, రేడియేషన్ జరిగే కాలం

రేడియేషన్ జరుగుతోంది. మధ్యలో మచ్చ మర్దన ఆపాలా?

కిరణాలు పడే చోట ఆపాలి. చికిత్స సాధారణంగా మూడు నుంచి ఐదు వారాలు ఉంటుంది, అది ముగిసిన తరువాత కూడా ఒకటి రెండు వారాలు చర్మం ఎర్రబడడం, నల్లబడడం, పొట్టు రాలడం ఇంకా పెరగవచ్చు. చర్మం తిరిగి మామూలైన తరువాతే మర్దన మళ్లీ మొదలుపెట్టాలి. కిరణాలు పడాల్సిన చోటు తెలియడానికి ఛాతీ మీద గీసిన గుర్తులు నూనెకు చెరిగిపోతాయి కనుక అది కూడా గుర్తుంచుకోవాలి. భుజం వ్యాయామం మాత్రం ఒక్కరోజు కూడా ఆపవద్దు, ఎందుకంటే కిరణాల ప్రభావంతో కండరం, చర్మం గట్టిపడడం చికిత్స ముగిసిన నెలల తరువాత, కొందరిలో ఏళ్ల తరువాత కూడా జరుగుతుంది.

కీమో రోజుల్లో ఒళ్లు నొప్పులకు కాళ్లు పట్టించుకోవచ్చా?

తేలికగా నిమిరించుకోవచ్చు, పిసికించుకోకూడదు. ముందు రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది రక్త పరీక్ష: ప్లేట్‌లెట్లు 50,000 కంటే తక్కువగా ఉంటే చెయ్యి ఆనించడమే తప్ప ఒత్తడం ఉండకూడదు, లేకపోతే చర్మం కింద రక్తం కమిలిపోతుంది, తెల్లకణాలు బాగా తగ్గిన రోజుల్లో జలుబు, దగ్గు ఉన్నవారి చేత చేయించుకోకూడదు. రెండవది పిక్క: ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. క్యాన్సర్ ఉన్నవారికి, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ మాత్రలు వాడేవారికి ఆ ప్రమాదం ఎక్కువ. అలాంటి కాలిని ఎవరూ ముట్టుకోకూడదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే మర్దనకు కదిలిన గడ్డ ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఛాతీలో కీమో పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టే చిన్న డబ్బీ) అమర్చి ఉంటే ఆ చుట్టుపక్కల కూడా ఒత్తవద్దు.

## చేతి వాపు

చెయ్యి వాచింది. ఇది బోదకాలు లాంటిదేనా? ఆ మాత్రలు వేసుకుంటే తగ్గుతుందా?

గంజాం, శ్రీకాకుళం తీరంలో బోదకాలును చూడని కుటుంబం అరుదు కనుక ఈ పోలిక రావడం సహజం. రెండింటిలోనూ లింఫ్ ద్రవం పోయే దారి మూసుకుపోవడమే వాపునకు మూలం. తేడా కారణంలో ఉంది: బోదకాలులో దోమకాటుతో వచ్చే ఫైలేరియా పురుగు ఆ నాళాలను పాడుచేస్తుంది, మీ చేతి విషయంలో గ్రంథులు తీసివేయడం, రేడియేషన్ ఆ పని చేశాయి. పురుగే లేనప్పుడు పురుగును చంపే మాత్రలు ఈ వాపును తగ్గించలేవు. ప్రభుత్వం ఇంటింటికీ పంచే మాత్రలు ఊరందరికీ బోదకాలు రాకుండా ఇచ్చేవి. కీమో నడుస్తుంటే వాటిని వేసుకునే ముందు మీ క్యాన్సర్ వైద్యులను అడగండి. ఇది అంటువ్యాధి కాదు, మనవల్ని ఎత్తుకోవద్దని ఎవరైనా అంటే పట్టించుకోనవసరం లేదు.

చంకలోని గ్రంథులను చాలావరకు తీసినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి, ఒకటి రెండు కాపలా గ్రంథులను (రొమ్ము నుంచి ద్రవం మొదట చేరేవి) మాత్రమే తీసి పరీక్షించినవారిలో సుమారు ఇరవై మందిలో ఒకరికి ఈ వాపు వస్తుంది. ఎక్కువగా మొదటి రెండేళ్లలో వస్తుంది కానీ పదేళ్ల తరువాత వచ్చినవారూ ఉన్నారు. గాజులు బిగుతు కావడం, చెయ్యి బరువుగా అనిపించడం, జాకెట్టు చెయ్యి గుర్తు పడడం తొలి సూచనలు. రెండు చేతుల మధ్య ఒకేచోట కొలతలో 2 సెంటీమీటర్ల తేడా కొత్తగా వస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. ఏళ్ల తరబడి మామూలుగా ఉన్న చెయ్యి ఉన్నట్టుండి వాస్తే మర్దనకు రావడానికి ముందు వైద్యులను కలవాలి. రక్తం గడ్డకట్టిందేమో, జబ్బు తిరిగి వచ్చిందేమో ముందుగా తేల్చవలసి ఉంటుంది.

లింఫ్ మర్దన అని డబ్బు తీసుకుని ఊరికే నిమిరి పంపిస్తున్నారు. దీనితో వాపు ఎలా తగ్గుతుంది?

ఈ కోపం న్యాయమైనదే, చూసేవారికి నిజంగానే ఏమీ చేయనట్టు ఉంటుంది. డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్, ఎస్ట్రిడ్ వోడర్ దంపతులు 1930లలో ఫ్రాన్స్‌లో పనిచేస్తూ రూపొందించిన పద్ధతి ఇది. ద్రవాన్ని పీల్చుకునే లింఫ్ నాళాల తొలి కొసలు చర్మానికి సరిగ్గా కిందనే, వెంట్రుక కంటే సన్నగా ఉంటాయి. గట్టిగా నొక్కితే అవి మూసుకుపోతాయి, చర్మాన్ని మెల్లగా సాగదీసి వదిలితే తెరుచుకుని ద్రవాన్ని లోపలికి తీసుకుంటాయి. చంటిబిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసేటప్పుడు ఎంత బరువు పెడతామో అంతే చాలు.

వరస కూడా ముఖ్యమే. వాచిన చేతిని మొదట ముట్టుకోము. మెడ, రెండో వైపు చంక, వాపు ఉన్న వైపు గజ్జ దగ్గరి గ్రంథులను ముందుగా చైతన్యపరుస్తాము, తరువాత ఛాతీ, వీపు, ఆ తరువాత జబ్బ, చివరకు ముంజేయి, వేళ్లు. పైపొలం నీరు కదలాలంటే ముందు కింద కాలువ అడ్డు తీసినట్టు. కానీ ఒక నిజం చెప్పాలి: ఈ మర్దన ఒక్కటే వాపును నిలకడగా తగ్గించదు. మర్దన తరువాత పొరలుపొరలుగా కట్టే కట్టు, ఆ కట్టుతోనే చేసే వ్యాయామం, చర్మ సంరక్షణ కలిస్తేనే చికిత్స. కట్టు లేకపోతే తగ్గిన వాపు తిరిగి చేరుతుంది. వాపే లేనివారికి రాకుండా ఉండడానికి నెలనెలా లింఫ్ మర్దన చేయించుకోవాలనడానికి గట్టి ఆధారం లేదు, అందుకే అలాంటి ప్యాకేజీలు నేను పెట్టలేదు.

చెమటకు ఒత్తిడి స్లీవ్ వేసుకోలేకపోతున్నాను. వేసవిలో మానేయవచ్చా?

చేతికి బిగుతుగా పట్టి ఉండే ఈ తొడుగును వాపు ఉన్నవారు మానకూడదు, ఎందుకంటే వేడికి వాపు పెరిగేదే వేసవిలో. రెండు స్లీవ్‌లు ఉంచుకుని రోజూ ఒకటి ఉతికి నీడలో ఆరవేయండి. ఉదయం లేవగానే, చెయ్యి సన్నగా ఉన్నప్పుడు, ఒళ్లు పూర్తిగా ఆరాక వేసుకుని రాత్రి పడుకునేటప్పుడు తీసేయండి. కొలత తీయకుండా కొన్న స్లీవ్ మణికట్టు దగ్గర బిగిసి వేళ్లను వాపిస్తుంది. అది వేసుకోకపోవడమే మేలు.

చెయ్యి ఎర్రగా కందిపోయి చలిజ్వరం వచ్చింది. లింఫ్ మర్దన చేస్తే తగ్గుతుందా?

చేయకూడదు. ఇది చర్మం కింద చేరిన ఇన్‌ఫెక్షన్; అదే రోజు యాంటీబయాటిక్ మొదలుకావాలి. జ్వరం, ఎరుపు పూర్తిగా తగ్గేవరకు మర్దన, కట్టు ఆపాలి.

ఆపరేషన్ అయిన వైపు చేతికి సూది, బీపీ పట్టీ ఎప్పటికీ వద్దా?

వీలైనప్పుడు రెండో చెయ్యి ఇవ్వండి. ఒక సూది పోటుతో, ఒక బీపీ పట్టీతో వాపు వస్తుందన్న పాత భయానికి ఆధారం బలహీనమని ఇటీవలి పరిశీలనలు చెబుతున్నాయి. అత్యవసరమైతే ఏ చెయ్యి దొరికితే ఆ చెయ్యి ఇవ్వవచ్చు.

## ఇంప్లాంట్, పునర్నిర్మాణం, తొలగింపు

ఇంప్లాంట్ పెట్టారు. రోజూ దానిని కదుపుతూ మర్దన చేసుకోవాలా?

అది ఇంప్లాంట్ (రొమ్ము ఆకారం కోసం లోపల పెట్టే కృత్రిమ సంచి) రకాన్ని బట్టి ఉంటుంది. పైపొర నున్నగా ఉన్నవాటికి కొందరు సర్జన్లు కదిపే మర్దన నేర్పుతారు, కొందరు నేర్పరు. పైపొర గరుకుగా ఉన్నవి చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుని నిలవాలి కనుక వాటిని కదపకూడదు. ఆసుపత్రివారు ఇచ్చిన ఇంప్లాంట్ కార్డులో రకం, పరిమాణం, వరుస సంఖ్య ఉంటాయి. మొదటిసారి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితాలతో పాటు ఆ కార్డు తీసుకురండి. అది చూడకుండా ఇంప్లాంట్ వైపు నేను చెయ్యి వేయను. మెడ, భుజం రెక్క, వీపు బిగువును విడిపించడమే నా పనిలో ఎక్కువ భాగం, ఎందుకంటే ఛాతీ కండరం కింద ఇంప్లాంట్ పెట్టినవారు నొప్పికి ముందుకు వంగి నడవడం అలవాటు చేసుకుంటారు.

ముందు ఎక్స్‌పాండర్ అమర్చి, నీళ్లు ఎక్కిస్తున్నారు. ఇప్పుడు మర్దన ఎలా?

ఎక్స్‌పాండర్ (తరువాత ఇంప్లాంట్ పెట్టడానికి చర్మాన్ని సాగదీసే తాత్కాలిక సంచి) మీద ఏ ఒత్తిడీ వద్దు. నీళ్లు ఎక్కించిన తరువాత రెండు రోజులు ఛాతీ బిగిసిపోయి, వీపు వరకు నొప్పి పాకుతుంది. ఆ రోజుల్లో మెడ, భుజాల పైభాగం, వీపు మధ్యభాగం కూర్చోబెట్టి మృదువుగా చేయించుకుంటే హాయిగా ఉంటుంది. చాలా ఎక్స్‌పాండర్లలో అయస్కాంతం ఉంటుంది కనుక ఎం.ఆర్.ఐ. తీయించమని ఎవరైనా చెబితే ముందుగా ఈ సంగతి చెప్పండి.

బోర్లా పడుకుని వీపు మర్దన ఎప్పటి నుంచి?

సర్జన్ గారు అనుమతించే వరకు, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, బోర్లా వద్దు. ఆ తరువాత కూడా ఛాతీకి పైన, కింద దిండ్లు అమర్చి మధ్యలో ఖాళీ ఉంచాలి. పక్కకు తిరిగి పడుకుని చేయించుకున్నా వీపు అంతా అందుతుంది, నేను ఎక్కువగా అలాగే చేస్తాను.

ఇంప్లాంట్ రాయిలా గట్టిపడింది. పిసికితే మెత్తబడుతుందా?

మెత్తబడదు, పగలవచ్చు. శరీరం ప్రతి ఇంప్లాంట్ చుట్టూ ఒక పొర అల్లుకుంటుంది. కొందరిలో ఆ పొర కుంచించుకుపోయి ఇంప్లాంట్‌ను బిగిస్తుంది. దీని తీవ్రతను వైద్యులు బేకర్ వర్గీకరణ ప్రకారం నాలుగు స్థాయిలుగా చెబుతారు. మూడు, నాలుగు స్థాయిల్లో గట్టిదనం, ఆకారం మారడం, నొప్పి ఉంటాయి. ఒకప్పుడు పొరను చేత్తో నొక్కి పగలగొట్టేవారు, ఇప్పుడు ఆ పద్ధతి చేయకూడనిదిగా వదిలేశారు. రేడియేషన్ పడిన ఛాతీలో ఈ సమస్య ఎక్కువ.

ఏళ్ల తరువాత ఒక వైపు మాత్రం నీరు చేరి ఉన్నట్టుండి ఉబ్బితే అది వేరే విషయం. గరుకు ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా ఒక రకం లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) వస్తుందని తేలి, 2019 జులైలో ఒక తయారీ సంస్థ తన గరుకు ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కు తీసుకుంది. లక్షణాలు లేనివారు భయపడి తీయించుకోనవసరం లేదు కానీ, కొత్త ఉబ్బు కనిపిస్తే మర్దన కాదు, స్కానింగ్ కావాలి.

ఇంప్లాంట్ తీయించేసుకున్నాను. చర్మం వదులుగా వేలాడుతోంది. మర్దనతో బిగుస్తుందా?

మర్దన చర్మాన్ని బిగించదు. చర్మం కొన్ని నెలల్లో తనంతట తాను కొంత కుదురుకుంటుంది, మిగిలినదాని గురించి సర్జన్ గారితో మాట్లాడాలి. ఇంప్లాంట్ చుట్టూ శరీరం అల్లుకున్న పొరతో సహా తీసినవారికి లోపలి గాయం పెద్దది కనుక డ్రైన్ ఉంటుంది, ఛాతీ వైపు మర్దనకు సుమారు ఆరు వారాలు ఆగాలి. ఇంప్లాంట్ కండరం కింద ఉండి ఉంటే ఆ కండరం తిరిగి ఛాతీకి అతుక్కునే వరకు నిండు బిందె ఎత్తడం, మంచాన్ని తోయడం మానుకోవాలి. ఆ తరువాత మచ్చ లోపలికి గుంటపడకుండా పొరలను కదిపే మర్దన ఉపయోగపడుతుంది.

వీపు కండరం తెచ్చి రొమ్ము చేశారు. మర్దన ఛాతీకా, వీపుకా?

రెండు చోట్లా, కానీ ఆలస్యంగా. తెచ్చిన కండరానికి రక్తం ఇచ్చే నాళం చంక మీదుగా వస్తుంది కనుక చంకలో లోతుగా వేళ్లు పెట్టకూడదు. వీపు మచ్చ కింద నీరు చేరడం ఈ ఆపరేషన్‌లో చాలా మామూలు. అది తగ్గాక వీపు మచ్చను కదిలిస్తే వంగడం సులువవుతుంది.

## ఇల్లు, పని, తరువాతి ఏళ్లు

లేని రొమ్ము దురద పెడుతోంది. నాకు మతి చలించిందా?

లేదు. తీసేసిన భాగం ఉన్నట్టే దురద, సలుపు తెలియడం చాలామందికి ఉంటుంది, ఎందుకంటే ఆ చోటి కబురు అందుకునే మెదడు భాగం ఇంకా అక్కడే ఉంది. ఛాతీ మీద అరచేయి ఆనించి ఐదు నిమిషాలు మెల్లగా నిమురుకుంటే చాలామందికి తగ్గుతుంది.

ఎంతవరకు బట్టలు తీయాలి? ఎవరుంటారు?

గదిలో ఆడవాళ్లమే ఉంటాము, కావాలంటే మీవారెవరైనా మీతో కూర్చోవచ్చు. ముందు వైపు గుండీలున్న జాకెట్టు లేదా నైటీ వేసుకుని వస్తే చాలు. చేసే చోటు తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటి కప్పి ఉంటుంది. మచ్చను చూపించడం ఇష్టం లేకపోతే మొదటి రెండు మూడు విడతలు వీపు, చెయ్యి మాత్రమే చేస్తాము. తన ఛాతీని తానే ఇంకా అద్దంలో చూసుకోలేదని చెప్పినవారిని తొందరపెట్టను. ముందు బట్ట మీద నుంచి వారి చేతినే వారి ఛాతీ మీద పెట్టిస్తాను.

మగ్గం పనికి, జీడిపప్పు పనికి మళ్లీ వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. వాడిన చెయ్యికి వాపు వస్తుందని పని మాన్పించడం పాత సలహా. క్రమంగా పెంచిన పని చేతికి మంచిదే. బరంపురం పట్టు నేసేవారు మొదట పదిహేను నిమిషాలు నేసి లేచి, చెయ్యి పైకి చాచి, మళ్లీ కూర్చోవాలి. వారానికి కొంచెం పెంచుకుంటూ పోవాలి. అసలు జాగ్రత్త చర్మం విషయంలో కావాలి. జీడిపిక్కల తొక్కలో ఉండే జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది, మొగలి ఆకుల అంచు ముళ్లు ముంజేతిని గీరుతాయి, రొయ్యల కొమ్ములు వేళ్లలో దిగుతాయి. ఆ చిన్న గాట్ల నుంచే ఇన్‌ఫెక్షన్ చేరుతుంది. చేతితొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. గీరుకున్న చోట సబ్బు నీళ్లతో కడిగి మందు రాయండి, పసుపు మెత్తవద్దు.

మా అమ్మాయి నేర్చుకుని ఇంట్లోనే చేయవచ్చా? మీ దగ్గరకు ఎన్నాళ్లు రావాలి?

మచ్చ మర్దన, చేతి మర్దనలో సులువైన భాగం ఆమె నేర్చుకోవచ్చు; రెండు మూడుసార్లు మీతో వచ్చి, నా చేతి మీద చేసి చూపిస్తే ఎంత బరువు పెడుతున్నదో నేను చెబుతాను. నేర్చుకునేవారందరూ మొదట ఎక్కువే ఒత్తుతారు. కట్టు కట్టడం మాత్రం శిక్షణ లేకుండా చేయకూడదు, వదులైతే దండగ, బిగుతైతే హాని. మచ్చ కోసమైతే నాలుగు నుంచి ఆరు విడతలు వచ్చి, తరువాత ఇంట్లో కొనసాగించవచ్చు. చేతి కొలతలకు మొదటి రెండేళ్లు మూడు నెలలకొకసారి, ఆ పైన ఆరు నెలలకొకసారి రండి. పర్లాకిమిడి, ఇచ్ఛాపురం నుంచి రావడం కష్టమైతే టేపుతో ఇంట్లోనే, ఎప్పుడూ ఉదయం పూట, మొదటిసారి పెన్నుతో గుర్తు పెట్టి చూపిన చోట్లలోనే కొలిచి ఫోనులో చెప్పండి. కొలతలు రాసిన పుస్తకం మీ దగ్గరే ఉంటుంది. కటక్‌కో, విశాఖకో చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు ఫైలుతో పాటు దాన్ని కూడా సంచిలో పెట్టుకోండి.